పాఠశాల ప్రాజెక్టు కోసం చిన్న నెట్‌వర్క్ సర్వర్: చర్ల మండలం ఉదాహరణగా

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• సర్వర్, క్లయింట్, స్థానిక నెట్‌వర్క్ అనే భావనలను వివరించగలరు.
• ఒక పాఠశాలకు సర్వర్ అవసరమా, కాదా అన్నది లెక్కకట్టి చెప్పగలరు.
• యంత్రం, విద్యుత్తు, తీగలు, ఐపీ చిరునామాలు, సాఫ్ట్‌వేర్‌లకు ప్రణాళిక వేయగలరు.
• మీరు లేనప్పుడు కూడా సర్వర్ పనిచేసేలా నిర్వహణ ఏర్పాట్లు చేయగలరు.

1. పరిచయం

నెట్‌వర్క్‌ల గురించి ఇంతవరకు మీరు సిద్ధాంతం చదివారు. ఇప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఒక ఊరికి తీసుకువెళదాం. ప్రాజెక్టు పని కింద మీలో చాలామంది దగ్గరలోని బడిలో కంప్యూటర్ ప్రయోగశాలను ఏర్పాటు చేయడమో, బాగు చేయడమో ఎంచుకొంటారు. నగరంలోని బడికి పనికివచ్చే పద్ధతి అడవి అంచున ఉన్న బడికి పనికిరాకపోవచ్చు. అందుకే ఇక్కడ కాస్త కష్టమైన చోటునే ఉదాహరణగా తీసుకొంటున్నాం.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరి ఎడమ ఒడ్డున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం చర్ల. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా వెళితే సుమారు 60 కిలోమీటర్లు. తాలిపేరు ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉంది. కోయ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకొనే పిల్లలు ఎక్కువ.

ఇలాంటి మండలంలో 200 మంది విద్యార్థులు, 40 కంప్యూటర్లు లేదా ట్యాబ్‌లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న ఉన్నత పాఠశాలను ఊహించుకుందాం. ఇది ఫలానా బడి అని కాదు, లెక్కల సౌలభ్యం కోసం తీసుకొన్న నమూనా మాత్రమే.

2. సర్వర్ అంటే ఏమిటి?

అడిగినవారికి అడిగినది అందించే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. అడిగే కంప్యూటర్‌ను క్లయింట్ అంటారు. సర్వర్ అనగానే చల్లని గదిలో వరసగా నిలబెట్టిన పెద్ద యంత్రాలు గుర్తుకు వస్తాయి. కాని సర్వర్ అన్నది యంత్రం ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు కాదు, అది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కూడా 40 మంది పిల్లలకు పాఠాలు అందించగలదు.

బడి ఆవరణలోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఏర్పాటు స్థానిక నెట్‌వర్క్. దీనికి ఇంటర్నెట్‌తో పని లేదు. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి. వై-ఫై గుర్తు కనిపించినంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్లు కాదు. అలాగే ఇంటర్నెట్ లేనంత మాత్రాన నెట్‌వర్క్ లేనట్లూ కాదు. ఈ పాఠ్యభాగమంతా ఈ రెండో వాక్యంపైనే ఆధారపడి ఉంది.

3. సర్వర్ అవసరమా? ఒక లెక్క

40 మంది పిల్లలు ఒకే తరగతిలో 50 మెగాబైట్ల వీడియో పాఠాన్ని చూడాలనుకొందాం. బడికి వచ్చే ఇంటర్నెట్ వేగం సెకనుకు 4 మెగాబిట్లు అనుకొందాం.

40 మందికి కావలసిన మొత్తం = 40 × 50 = 2,000 మెగాబైట్లు.
ఒక బైట్‌కు 8 బిట్లు కాబట్టి ఇది 16,000 మెగాబిట్లు.
పట్టే సమయం = 16,000 ÷ 4 = 4,000 సెకన్లు, అంటే సుమారు 67 నిమిషాలు.

పీరియడ్ 45 నిమిషాలే. అంటే పాఠం అందేలోగా గంట కొట్టేస్తారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఒకే పాఠం అదే తీగ మీదుగా 40 సార్లు వచ్చింది.

ఇప్పుడు అదే పాఠాన్ని ముందురోజు రాత్రి సర్వర్‌లోకి ఒక్కసారి దించుకొన్నామనుకొందాం. దానికి 400 ÷ 4 = 100 సెకన్లు చాలు. మరుసటి రోజు బడి వై-ఫై అందరికీ కలిపి సెకనుకు 100 మెగాబిట్లు ఇచ్చినా, 40 మందికి పాఠం చేరడానికి 16,000 ÷ 100 = 160 సెకన్లు, అంటే 3 నిమిషాల లోపే పడుతుంది. వాడుకలో వేగం ఇందులో సగానికి పడిపోయినా పాఠం సాగుతుంది.

మరొక లెక్క చూడండి. పాఠ్యసామగ్రి మొత్తం 500 గిగాబైట్లు ఉందనుకొందాం. దాన్ని 4 మెగాబిట్ల కనెక్షన్ మీద దించుకోవడానికి 10,00,000 సెకన్లు, అంటే పదకొండున్నర రోజులు పడుతుంది, అదీ ఒక్క నిమిషం కూడా అంతరాయం లేకపోతే. భద్రాచలంలో మంచి కనెక్షన్ ఉన్న చోట హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకొని రెండు గంటల బస్సు ప్రయాణంలో చర్లకు తెస్తే, ఆ ప్రయాణపు వేగం సెకనుకు సుమారు 555 మెగాబిట్లు! అందువల్ల తొలిసారి సామగ్రి మొత్తాన్ని డిస్క్‌లో తెచ్చుకోవాలి. ఆ తరవాత చిన్నచిన్న చేర్పులను మాత్రం ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకోవాలి.

4. స్థల పరిస్థితుల పరిశీలన

యంత్రం కొనే ముందు చోటును చదవాలి. చర్ల విషయంలో మూడు అంశాలు ముఖ్యం.

వరద: భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నది పెరిగినప్పుడు దుమ్ముగూడెం దారిపైకి నీరు వచ్చి చర్లకు రాకపోకలు ఆగిపోవడం ఆ ప్రాంతంవారికి కొత్త కాదు. అలాంటప్పుడు చెడిపోయిన పరికరానికి బదులు మరొకటి భద్రాచలం నుంచి తెప్పించడం సాధ్యం కాదు. కాబట్టి సర్వర్‌ను పై అంతస్తులోనో, అది లేకపోతే గోడకు ఎత్తుగా బిగించిన అరలోనో ఉంచాలి. అదనపు అడాప్టర్, రెండు కేబుళ్లు, మరో డిస్క్ బడిలోనే దాచుకోవాలి.

పిడుగు: తొలకరి ముందు, తరవాత ఈ ప్రాంతంలో పిడుగులు పడతాయి. ఒక భవనం నుంచి మరో భవనానికి ఆరుబయట లాగిన రాగి తీగ పిడుగు ప్రభావాన్ని పరికరాల దాకా మోసుకువస్తుంది. భవనాల మధ్య ఫైబర్ తీగ గాని, వైర్‌లెస్ లింకు గాని వాడండి. విద్యుత్ బోర్డుకు సరైన ఎర్తింగ్ ఉందో లేదో ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

విద్యుత్ కోత: ఆశ్రమ పాఠశాలలో రాత్రి చదువు గంటలు కూడా ఉంటాయి. కరెంటు పోయినప్పుడు సర్వర్ ఎన్ని గంటలు నిలవాలన్నది ముందే నిర్ణయించుకోవాలి.

5. యంత్రం, విద్యుత్తు

బల్లమీద పెట్టే మామూలు కంప్యూటర్ కంటే మినీ కంప్యూటర్ తక్కువ విద్యుత్తు తీసుకొంటుంది. 8 గిగాబైట్ల మెమరీ, 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ మన నమూనా బడికి సరిపోతాయి. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డులు 2012 నుంచి అందుబాటులో ఉన్నాయి. వాటినీ వాడవచ్చు గాని రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, మెమరీ కార్డు పైనే రాత్రింబవళ్లు రాతపని జరిగితే అది త్వరగా అరిగిపోతుంది. కాబట్టి సమాచారాన్ని ఎస్‌ఎస్‌డీలో ఉంచాలి. రెండోది, ఈ బోర్డుల్లో చాలావాటికి కరెంటు పోయినా నడిచే గడియారం ఉండదు. ఇంటర్నెట్ ఉంటే సమయాన్ని అక్కడి నుంచి సరిచూసుకొంటాయి. ఇంటర్నెట్ కూడా లేని రోజున తిరిగి వెలిగితే పాత తేదీనే పట్టుకొని ఉంటాయి. అప్పుడు పిల్లలు సమర్పించిన అభ్యాసాల తేదీలు తారుమారు అవుతాయి, బ్యాకప్ ఏది కొత్తదో ఏది పాతదో తెలియదు. చిన్న బ్యాటరీతో నడిచే గడియారం భాగాన్ని చేర్చితే ఈ ఇబ్బంది తప్పుతుంది.

విద్యుత్తు లెక్క ఇలా వేయండి. సర్వర్‌కు 15 వాట్లు, స్విచ్‌కు 5 వాట్లు, వై-ఫై యాక్సెస్ పాయింట్‌కు 10 వాట్లు, మొత్తం 30 వాట్లు. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండే శక్తి 1,200 వాట్-అవర్లు. సీసపు బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 600. ఇన్వర్టర్‌లో అయిదోవంతు నష్టపోతుందనుకొంటే మిగిలేది 480. దాన్ని 30తో భాగిస్తే 16 గంటలు. సాయంత్రం కరెంటు పోయినా మర్నాడు ఉదయం ప్రార్థన వేళ దాకా సర్వర్ నిలుస్తుంది. రెండో యాక్సెస్ పాయింట్ చేరితే భారం 40 వాట్లు, సమయం 12 గంటలు అవుతాయి. మీ పరికరాల వాట్లను వాటి మీద ముద్రించిన వివరాలు చూసి ఈ లెక్కలో వేసుకోండి.

6. తీగలు, చిరునామాలు

రాగి ఈథర్‌నెట్ కేబుల్ ఒక్కో లింకుకు 100 మీటర్లు మించకూడదు. సర్వర్‌ను స్విచ్‌కు ఎప్పుడూ తీగతోనే కలపండి. వై-ఫైని పిల్లల పరికరాలకు వదిలేయండి. ఒకే యాక్సెస్ పాయింట్‌పై 40 పరికరాల భారం వేయకుండా రెండు పెట్టడం మేలు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 1, 6, 11 చానళ్లు ఒకదానితో ఒకటి కలవవు. ఒకదానికి 1, మరోదానికి 6 కేటాయిస్తే అవి పోట్లాడుకోవు.

ప్రతి పరికరానికి ఒక ఐపీ చిరునామా కావాలి. ప్రైవేటు నెట్‌వర్క్‌ల కోసమే కొన్ని చిరునామాలను 1996లో ప్రమాణంగా కేటాయించారు. 192.168తో మొదలయ్యేవి వాటిలో కొన్ని. వీటిని మన బడిలోనూ వాడవచ్చు, పక్క బడిలోనూ వాడవచ్చు. ఒక తరగతిలో ఒకటో నంబరు పిల్లవాడు, మరో తరగతిలో ఒకటో నంబరు పిల్లవాడు ఉన్నట్లే, ఒక ఆవరణలోని నంబరు మరో ఆవరణకు అడ్డు రాదు. మన నమూనాకు ఇలా పంచుకోవచ్చు:

• రౌటర్: 192.168.10.1
• సర్వర్: 192.168.10.2
• ప్రింటర్లు, యాక్సెస్ పాయింట్లు: 192.168.10.3 నుంచి 49 వరకు
• పిల్లల పరికరాలు: 192.168.10.50 నుంచి 199 వరకు

సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. మొదటి మూడు వరసలకు చిరునామాలను మనమే స్థిరంగా ఇస్తాం. చివరి వరసలోని 150 చిరునామాలను డీహెచ్‌సీపీ అనే సేవ వచ్చినవారికి వచ్చినట్లు పంచుతుంది. ఈ సేవ నెట్‌వర్క్‌లో ఒక్కచోటే నడవాలి. రౌటర్, సర్వర్ రెండూ పంచడం మొదలుపెడితే ఒకే చిరునామా ఇద్దరికి వెళ్లి గందరగోళం అవుతుంది.

పిల్లలు అంకెలు గుర్తుపెట్టుకోనవసరం లేకుండా డీఎన్ఎస్ సేవ ద్వారా సర్వర్‌కు ఒక పేరు ఇవ్వండి. పేరు చివర ‘డాట్ లోకల్’ వాడకండి, అది మరో పద్ధతికి కేటాయించినది. ఇలాంటి సొంత నెట్‌వర్క్‌ల కోసం ‘డాట్ ఇంటర్నల్’ అనే ముగింపును ఐకాన్ సంస్థ 2024 జూలైలో ప్రత్యేకించింది. ఈ పేరును చెప్పే పని కూడా బడి లోపలే జరగాలి. లేకపోతే ఇంటర్నెట్ ఆగినప్పుడు సర్వర్ పక్కగదిలోనే ఉన్నా పిల్లలకు దాని దారి తెలియదు.

7. సాఫ్ట్‌వేర్, పాఠ్యసామగ్రి

సర్వర్‌కు డెబియన్ లినక్స్ అనువైనది. దీని ప్రాజెక్టు 1993లో మొదలైంది. లైసెన్సు రుసుము లేదు, ఏటేటా పునరుద్ధరించుకొనే పని లేదు. పిల్లల కంప్యూటర్లలో తెలుగు కనిపించాలనుకొంటే, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసిన సంగతి మీకు ఉపయోగపడుతుంది.

సర్వర్‌లో మూడు రకాల సామగ్రి ఉంచవచ్చు.

మొదటిది విజ్ఞానసర్వస్వం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వికీపీడియాను ఒక్క ఫైలుగా మార్చి ఇంటర్నెట్ లేకుండా చదివిస్తుంది. సర్వర్‌లో ఒకసారి పెడితే బడి మొత్తానికి అందుతుంది.

రెండోది పాఠాలు. ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, ఉపాధ్యాయులు తయారుచేసిన వీడియోలు, ప్రశ్నపత్రాలు ఇందులోకి వస్తాయి. అభ్యాసాలు పెట్టి ఎవరు ఎంతవరకు చదివారో చూడాలనుకొంటే కొలిబ్రి అనే ఉచిత వేదిక ఉంది. ఇంటర్నెట్ అందని బడుల కోసమే దాన్ని రూపొందించారు.

మూడోది పిల్లల సొంత పని. మీ ప్రాజెక్టుకు ప్రాణం పోసేది ఇదే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు ఎంచుకొన్న ఎనిమిది భాషల్లో కోయ ఒకటి. ఇంటర్నెట్‌లో కోయ భాషలో దొరికేది చాలా తక్కువ. పిల్లలు తమ ఊరి పెద్దలు చెప్పే కథలను, మొక్కల పేర్లను, పండుగ విశేషాలను వారి అనుమతితో రికార్డు చేసి సర్వర్‌లో భద్రపరిస్తే, అది బయట ఎక్కడా లేని సంపద అవుతుంది. దించుకోవడానికి మాత్రమే వాడే సర్వర్ పోతే మళ్లీ దించుకోవచ్చు. ఇలాంటి సంపద పోతే తిరిగి రాదు.

8. అనుమతులు, భద్రత, బ్యాకప్

‘పాఠాలు’ ఫోల్డరును పిల్లలు చదవగలగాలి, మార్చకూడదు. ‘అభ్యాసాలు’ ఫోల్డరులో ఎవరిది వారే రాయాలి. ఒక్కొక్కరికి 500 మెగాబైట్ల పరిమితి పెడితే 200 మందికి 100 గిగాబైట్లు అవుతుంది. మన డిస్క్‌లో ఇది పదోవంతు. సర్వర్‌ను బయటి ఇంటర్నెట్ నుంచి చేరుకొనే ద్వారం ఏదీ తెరవకండి. బడి సర్వర్ పని బడిలోనే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారంతా పిల్లలే. వారి సమాచారం సేకరించాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. పేరు, తరగతి, క్రమసంఖ్య చాలు. ఆధార్, కులం, ఫోన్ నంబర్లు మీ ప్రాజెక్టుకు అవసరం లేదు. సేకరించని సమాచారం బయటికి పొక్కదు.

బ్యాకప్‌కు మూడు ప్రతులు ఉండాలి. ఒకటి సర్వర్‌లో, రెండోది బడిలోనే వేరే డిస్క్‌లో, మూడోది ఆవరణ బయట. మూడో ప్రతి ఉండే చోటు కూడా ముఖ్యమే. అదే నది ఒడ్డున ఉన్న మరో పల్లపు ఇంట్లో పెడితే ఒకే వరదకు రెండూ పోతాయి. మెరక మీద ఉన్న మండల వనరుల కేంద్రం వంటి చోటును అడగండి. అక్కడికి వెళ్లే డిస్క్‌కు సంకేతపదం రక్షణ పెట్టండి.

9. నిర్వహణ: అసలు పరీక్ష

నా ఉద్యోగ జీవితంలో ఆగిపోయిన సర్వర్లు చాలా చూశాను. వాటిలో ఎక్కువవాటికి యంత్రం చెడిపోలేదు. సంకేతపదం తెలిసిన ఒక్క మనిషి బదిలీ అయ్యాడు. బీరువాలో సర్వర్ బాగానే ఉండేది, దాన్ని తెరవగలవారే ఉండేవారు కాదు. మారుమూల మండలాల్లో ఉపాధ్యాయులు ఎక్కువకాలం ఒకేచోట ఉండరు కాబట్టి ఈ ప్రమాదం అక్కడ మరీ ఎక్కువ.

అందుకని ఒక మామూలు నోటుపుస్తకం పెట్టండి. అందులో తీగల పటం, చిరునామాల పట్టిక, వెలిగించే, ఆపే క్రమం, బ్యాకప్ తేదీలు తెలుగులో రాయండి. సంకేతపదాలను విడిగా కవరులో పెట్టి, సీలు వేసి, ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉంచండి. ఇద్దరు ఉపాధ్యాయులకు, నలుగురు విద్యార్థులకు పని నేర్పండి. ఆ నలుగురిలో ఇద్దరు తొమ్మిదో తరగతివారు, ఇద్దరు ఎనిమిదో తరగతివారు ఉంటే, ఏటా పెద్దవారు చిన్నవారికి నేర్పి వెళతారు.

ప్రాజెక్టు పూర్తయిందని రాసే ముందు ఈ నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి, ఇంటర్నెట్ తీగ తీసివేసి ఒక పూర్తి పీరియడ్ పాఠం నడపండి. రెండు, మెయిన్ స్విచ్ ఆపి సర్వర్ ఎన్ని గంటలు నిలిచిందో రాసుకోండి. మూడు, బ్యాకప్ డిస్క్ నుంచి ఒక విద్యార్థి ఫోల్డరును మరో కంప్యూటర్‌లోకి తిరిగి తెచ్చి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. నాలుగు, మీరు గది బయట కూర్చోండి. ఈ పనితో ఇంతవరకు సంబంధం లేని ఒక ఉపాధ్యాయురాలు నోటుపుస్తకం చూసి సర్వర్‌ను ఆపి, మళ్లీ వెలిగించాలి. ఆమె ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీ రాత అసంపూర్ణంగా ఉన్నట్లు. ఆ పుటను తిరగరాయండి.

10. సారాంశం

సర్వర్ అన్నది పనిని బట్టి వచ్చిన పేరు. ఒకే పాఠాన్ని 40 సార్లు తెప్పించుకోకుండా ఒకసారి తెచ్చి లోపలే పంచడం దాని ప్రధాన ప్రయోజనం. చర్ల వంటి చోట వరద, పిడుగు, విద్యుత్ కోతలను ముందుగా లెక్కలోకి తీసుకోవాలి. చిరునామాలు, పేర్లు, పాఠాలు అన్నీ బడి లోపలే దొరికేలా అమర్చాలి. పిల్లల సొంత పనికి మూడు ప్రతులు ఉండాలి. రిబ్బను కత్తిరించిన రోజున ఏ సర్వరైనా పనిచేస్తుంది. గోదావరి రెండో హెచ్చరిక దాటి, రోడ్డు మూసుకుపోయి, మీరు మీ ఊళ్లో ఉన్న రోజున కూడా ఆశ్రమ పాఠశాలలో రాత్రి చదువు ఆగకపోతే మీ ప్రాజెక్టు పూర్తయినట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్థానిక నెట్‌వర్క్‌కు, ఇంటర్నెట్‌కు గల భేదాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
2. 30 మంది విద్యార్థులు, 80 మెగాబైట్ల పాఠం, సెకనుకు 8 మెగాబిట్ల కనెక్షన్. సర్వర్ లేకుండా పాఠం అందరికీ చేరడానికి ఎంత సమయం పడుతుంది? (జవాబు: 2,400 సెకన్లు, అంటే 40 నిమిషాలు)
3. డీహెచ్‌సీపీ సేవ ఒక్కచోటే నడవాలని ఎందుకంటాం?
4. మీకు తెలిసిన ఒక బడిని తీసుకొని, అక్కడి స్థల పరిస్థితులను బట్టి సర్వర్ ఎక్కడ ఉంచాలో, మూడో బ్యాకప్ ప్రతి ఎక్కడ ఉంచాలో కారణాలతో రాయండి.